తిన్నావా నాన్నా అని అడిగే గొంతు

బ్యాంకాక్ పత్రికలు దర్శకుడు తమ్రోంగ్ గారి గురించి రాసినప్పుడల్లా ఒకటే వరస. ఉత్కంఠకు ఆయన పెట్టింది పేరు, హంతకుణ్ణి మొదటి రీల్లోనే మన ఎదుట కూర్చోబెట్టి చివరిదాకా పోల్చుకోనివ్వడు, ఆయన సినిమాలో కాఫీ గ్లాసు కనిపించినా గుండె దడదడలాడుతుంది, ఇలా సాగుతుంది. అంతా నిజమే. ఆయన సినిమాలన్నిటికీ మా పిచిత్ ఊళ్ళో బోర్డులు వేసింది నేనే, కాదనను. కానీ ఆ రాసేవాళ్ళలో ఒక్కరూ మా శ్రీనాన్ హాల్లో ఆ సినిమాలు చూసినవాళ్ళు కాదు. చూసుంటే సంగ్వాన్ పేరు రాయకుండా ఉండలేరు. వాళ్ళు రాయలేదు కనక నేను చెబుతున్నాను. బొమ్మలు వేసుకునేవాణ్ణి, మాట ఎక్కడైనా వంకరపోతే సర్దుకోండి.

ఆ రోజుల్లో మా సినిమాలకు నోరు లేదు. రంగులుండేవి, పెదాలు కదిలేవి, రీల్లో చప్పుడు మాత్రం ఉండేది కాదు. రీళ్ళ డబ్బాలతోపాటు మాటల కాగితాలు కూడా రైల్లో వచ్చేవి. ప్రొజెక్టరు గది పక్కనే ఇంకో ఇరుకు గది, అందులో ఒక మైకు, మైకు ముందు ఇద్దరు. ఆడగొంతులన్నీ సంగ్వాన్‌వి, మగగొంతులన్నీ ఛలోంగ్‌వి. గుర్రం పరిగెడితే కొబ్బరి చిప్పలు, ఉరిమితే రేకుముక్క. ఆ ఇద్దరూ మైకు ముందు ఎన్నిసార్లు ప్రేమించుకున్నారో, ఎన్నిసార్లు పెళ్ళాడారో లెక్కలేదు. మైకు కట్టేస్తే "అక్కా, ఆ నీళ్ళ గ్లాసిటు" అనేవాడు ఛలోంగ్. అతనికి ఇంట్లో భార్య, గంపెడు పిల్లలు. సంగ్వాన్ భర్త రైల్వేలో పనిచేస్తూ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లలు కలగలేదు.

పిల్లలు లేని ఆ మనిషే మా ఊరందరికీ అమ్మ అయింది. అదెలాగో చెబుతాను.

సంగ్వాన్ తల్లి నాన్ నదిమీద చిన్న పడవ వేసుకుని కొబ్బరిపాల మిఠాయిలు అమ్మేది. ప్రతి రేవు దగ్గరా తెడ్డు ఆపి, గట్టుమీద ఆడుకునే పిల్లల్ని "తిన్నావా నాన్నా?" అని పలకరించేది. కొన్నా కొనకపోయినా అదే పలకరింపు. పెద్ద వరద వచ్చిన ఏడు జ్వరం తగిలి పోయింది. సంగ్వాన్‌కు అప్పటికి పెళ్ళికాలేదు. ఊళ్ళోకి మందుల సినిమా బండి వస్తే, వంటమనిషి కావాలంటే ఎక్కేసింది.

మందుల సినిమా చూడని ఈ కాలం వాళ్ళకి ఉత్కంఠ అంటే ఏం తెలుస్తుంది లెండి. మైదానంలో తెర కట్టి ఉచితంగా సినిమా వేసేవాళ్ళు. కథానాయకుడు కొండ అంచు పట్టుకుని వేలాడుతుండగా ఠపీమని దీపాలు వెలిగేవి. నులిపురుగుల మందు బయటికొచ్చేది. పెట్టె ఖాళీ అయ్యేదాకా వాడక్కడ వేలాడాల్సిందే. జనం తిట్టుకుంటూనే కొనేవాళ్ళు. ఆ బండికి యజమాని, మాటలు చెప్పేవాడు, మందు అమ్మేవాడు అన్నీ ఫాన్ అనే ముసలాయన. ఒకరోజు ఆయన గొంతు పట్టేస్తే సంగ్వాన్ చేతికి మైకిచ్చాడు. ఆ పిల్ల బెదిరిపోయి, ఏమనాలో తెలియక, ముందు వరసలో కూర్చున్న పిల్లల్ని చూసి "తిన్నావా నాన్నా?" అంది. నోట్లోంచి వచ్చింది తన గొంతు కాదు, చచ్చిపోయిన తల్లి గొంతు. "తిన్నది వంటికి పట్టడం లేదా? రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నావా?" అని కూడా అడిగిందట. పెట్టె పెట్టంతా అమ్ముడుపోయింది.

ఆ ఏడు గురుపూజనాడు ఫాన్ మైకుకు మల్లెదండ వేసి, సాంబ్రాణి వెలిగించి, సంగ్వాన్ చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఈ గొంతుతో మందు అమ్ముతున్నాం. జనం దీన్ని నమ్మి పిల్లల నోట్లో మందు పోస్తున్నారు. కాబట్టి సినిమాలో చెడ్డదాని నోట్లో ఈ గొంతు పెట్టకు. గయ్యాళి అత్తకి, మాయలాడికి, వేరే గొంతులు చేసుకో. దీన్ని మాత్రం మైల పరచకు."

శ్రీనాన్ హాలుకు వచ్చాక కూడా సంగ్వాన్ ఆ ఒట్టు తప్పలేదు. తెరమీద ఏ తల్లి కనబడినా ఆ గొంతే, ఆ తల్లి మంచిదైతేనే. మా చిన్నపిల్ల జ్వరంలో మందు మింగక మొరాయిస్తే సంగ్వాన్ మా ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని ఆ గొంతుతో అడిగింది. గుటుక్కున మింగింది. ఊళ్ళో ఇలాంటివి ఇంటికొకటి చెబుతారు. బజార్లో ఎదురుపడినా అంతే, ఎవర్నయినా "తిన్నావా?" అనేది. మాలో అందరూ అడిగే మాటే అది. ఆమె అడిగితే మాత్రం కడుపు నిండినట్టుండేది.

ఇక తమ్రోంగ్ గారు. ఆయన కెమెరా పట్టింది శ్మశానంలో. ధనవంతుల ఇళ్ళలో దహనాలు జరిగితే వాటిని సినిమా తీసిపెట్టేవాడు. ఏడ్చేవాళ్ళ మొహాలు ఏళ్ళ తరబడి చూశాడు. "ప్రతి దహనంలోనూ ఒకడు గడియారం చూసుకుంటాడు. నా సినిమాలన్నీ వాడి గురించే" అని ఒకసారి మా ముందే అన్నాడు. మొదటి సినిమా 'మూసిన గొడుగు'. రాజధానిలో జనం విరగబడ్డారు. రెండోది 'పడవ దిగని మనిషి'. అదింకా పెద్దది. ఆ బోర్డుకు నేను నీలం రంగు డబ్బాలు డబ్బాలు వాడాను.

రెండూ మా ఊళ్ళో తన్నేశాయి.

కారణం ఛలోంగ్. పాపం అతనూ మైదానంలో ఫాన్ చెప్పే మాటలు విని పెరిగినవాడే. మంచివాడికి ఒక గొంతు, ముసలాయనకు ఒక గొంతు, దుర్మార్గుడికి ఒక బొంగురు గొంతు. కథ ముందే చదివేవాడు కనక హంతకుడెవరో అతనికి తెలుసు. తెలిశాక ఆ హంతకుడికి మంచి గొంతు ఇవ్వడానికి మనసొప్పేది కాదు. 'పడవ దిగని మనిషి'లో ఓ పెద్దమనిషి మొదటి రీల్లో తెల్లచొక్కా వేసుకుని చంటిపిల్లకు విసనకర్రతో విసురుతుంటాడు. బ్యాంకాక్‌లో ఎవరికీ అనుమానం రాలేదట. మా దగ్గర ఆయన నోరు విప్పి, "పాపకు ఉక్కగా ఉన్నట్టుంది" అని బొంగురు గొంతుతో అన్నాడో లేదో, హాలు గుమ్మంలో ఎండు స్క్విడ్ చేపలు కాల్చి అమ్మే యిమ్ అత్త లోపలికి తలపెట్టి, "వీడేరా చంపేది. ఇంక లేవండి, చేపలు చల్లారిపోతున్నాయి" అంది. జనం లేచారు కూడా.

హాలు యజమాని లిమ్ అన్న నెత్తి బాదుకున్నాడు. మిగతా ఊళ్ళలోనూ కొంచెం అటూ ఇటూగా ఇదే కథట. తమ్రోంగ్ సినిమాలు ఇక వద్దని ఊళ్ళకు రీళ్ళు పంచేవాళ్ళు అనడం మొదలుపెట్టారు. ఆయన మూడో సినిమా 'వంటింటి వెలుగు' డబ్బాలు వచ్చిన రైల్లోనే ఆయనా దిగాడు.

నేనేదో పులిలాంటి మనిషి వస్తాడనుకున్నాను. బక్కపల్చటి మనిషి. కడుపులో పుండట, గంజి అన్నం తప్ప ఏదీ తినడు. మాట ఎంత మెల్లగా అంటే ముందుకు వంగి వినాలి. ఆ వంగించడం కూడా ఆయన పనితనమేనని నాకు తర్వాత అనిపించింది. హాలు ఎదురుగా గంజి కొట్లో కూర్చున్నాం, ఆయన, లిమ్ అన్న, ఛలోంగ్, సంగ్వాన్, బోర్డుకు కొలతలు అడగడానికి వెళ్ళిన నేను.

ఆయన కథ చెప్పాడు. ఒక పెద్దావిడ ఇంట్లో గదులు అద్దెకిస్తుంది. అద్దెకున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరే పోతుంటారు. ఆవిడే ఏడ్చి, ఆవిడే దహనం చేయించి, మిగిలినవాళ్ళకు వండిపెడుతుంది. చంపేది ఆవిడే.

"ఈ ఊరివాళ్ళకి ఏ గొంతంటే నమ్మకం?" అని అడిగాడు.

"ఇంకేం గొంతు గురువుగారూ, అక్క చెప్పే అమ్మ గొంతే" అన్నాడు ఛలోంగ్, ముందూ వెనకా చూడకుండా. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

సంగ్వాన్ చెంచా కింద పెట్టింది. "అది ఇవ్వను" అంది.

"ఏమ్మా, ఎందుకివ్వవు?" అన్నాడు లిమ్ అన్న. "గొంతేగా. అరిగిపోతుందా?"

"మా అమ్మది అది. మందమ్మిన గొంతు. ఒట్టుంది అన్నా."

"ఫాన్ పోయి ఎన్నేళ్ళయింది. ఇప్పుడొచ్చి అడుగుతాడా?"

"పోయినవాడికి వేసిన ఒట్టయితే గాలికి వదిలెయ్యొచ్చని ఎవరన్నారు నీకు?"

తమ్రోంగ్ గారు గంజి కలిపాడు. కోప్పడలేదు. "మీ ఊళ్ళో నా సినిమా సగమే నాది సంగ్వాన్ గారూ" అన్నాడు. "మిగతా సగం మీ ఇద్దరిదీ. నా సగంలో నేనేదీ దాచుకోలేదు. మీ సగంలో ఉన్న అన్నిటికన్నా మంచిది మీరు దాచుకుంటున్నారు. దాచుకోండి. కానీ అప్పుడు నేను బ్యాంకాక్ వాళ్ళ కోసమే తీస్తున్నట్టు. మీ వాళ్ళు భయపడటానికి కూడా నోచుకోలేదన్నమాట."

ఆ మాట ఆమెకు తగిలింది. తన పనిని సినిమాలో సగం అని అంతకుముందు ఎవరూ అనలేదు. బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్ళెవరూ ఆ ఇరుకు గదిలోకి తొంగి చూసింది కూడా లేదు. నాకైతే ఆయన మీద ఒళ్ళు మండింది. తేనె పూసిన కత్తి అనుకున్నాను.

"ఇస్తే తిరిగి రాదు. తెలుసా గురువుగారూ?" అంది సంగ్వాన్.

"తెలుసు" అన్నాడాయన.

ఆ సాయంత్రం ఆమె మైకు గదిలో ఫాన్ పటం ముందు దీపం పెట్టి, గట్టిగా, అందరికీ వినపడేలా, "తాతా, రేపు తప్పు చేస్తున్నాను" అని చెప్పింది. క్షమించమని అడగలేదు.

'వంటింటి వెలుగు' మా ఊళ్ళో ఆడినట్టు ఇంకెక్కడా ఆడలేదు. తెరమీద ఆ పెద్దావిడ పళ్ళెం పట్టుకుని గదిగదికీ వెళ్ళి "తిన్నావా నాన్నా?" అంటుంటే జనం మురిసిపోయారు. హంతకుడెవరా అని ఇరుగుపొరుగుల్ని, డాక్టర్ని, సైకిల్ మీద వచ్చే పోస్టుమాన్‌ని, అందరినీ అనుమానించారు. ఛలోంగ్ వాళ్ళందరికీ బొంగురు గొంతు కొంచెం కొంచెం పంచాడు, ఆ ఒక్కసారికి మనసు రాయి చేసుకుని. చివరి రీల్లో ఆవిడ గరిటెతో పులుసు తిప్పుతూ, సీసాలోంచి ఏదో వంచుతూ, అదే గొంతుతో, అదే ప్రేమతో "తిన్నావా నాన్నా?" అంది. నేను వెనక నిలబడి ఉన్నాను. హాల్లో ఒక్కరూ అరవలేదు. కన్నతల్లి చెంప పగలగొడితే పిల్లాడు ఏడవడం మరిచిపోయి చూస్తాడే, అలా ఉండిపోయారు. నేనూ అంతే. బొమ్మలేసినవాణ్ణి, కథ తెలిసినవాణ్ణి.

పక్క జిల్లాలనుంచి ఎడ్లబండ్లమీద వచ్చి చూశారు. తమ్రోంగ్ పేరు పల్లెపల్లెకూ పాకింది. ఆ తర్వాత ఆయన ఏది తీసినా మా ప్రాంతం ముందే కొనేది. లిమ్ అన్న కొత్త కుర్చీలు వేయించాడు.

తర్వాత వచ్చింది ఓ ఏడుపు సినిమా. తల్లీకొడుకుల కథ. ఊరొదిలి వెళ్ళిన కొడుకు ఇల్లు చేరతాడు, తల్లి గడపలో నిలబడి "తిన్నావా నాన్నా?" అంటుంది. నేల టికెట్లలోంచి ఎవడో "తినకురా, విషం పెట్టింది" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. సంగ్వాన్ మైకు ముందు రెండు మాటలు పలకలేక వదిలేసింది. ఛలోంగ్ ఆమె భుజం తట్టి, తర్వాతి మాట తానే అందుకుని, ఆడగొంతుతో ఏదో చెప్పి గట్టెక్కించాడు. దానికి ఇంకా నవ్వారు.

నవ్వు నాలుగు రోజుల్లో పోతుందనుకున్నాం. పోలేదు. ఊళ్ళో అదొక సామెత అయి కూర్చుంది. ఎవరైనా మరీ ప్రేమగా మాట్లాడితే "ఏంటి, వంటింటి వెలుగా?" అనేవాళ్ళు. బజార్లో సంగ్వాన్ అలవాటుగా "తిన్నావా యిమ్?" అంటే, యిమ్ అత్త రెండు చేతులూ జోడించి, "తిన్నానమ్మా, తిన్నాను, నన్నొదిలెయ్" అనేది. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకునేవాళ్ళు. సంగ్వాన్ కూడా నవ్వేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. మా దేశంలో ఎదురుపడ్డ మనిషిని అన్నం తిన్నావా అని అడగకుండా బతకడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. "ఎండగా ఉంది కదూ" అని ఏదో ఒకటి అనేసి వెళ్ళిపోయేది. సినిమాల్లో తల్లులకు వేరే గొంతు తయారుచేసుకుంది. శుభ్రంగా, స్పష్టంగా, ఏ లోటూ లేని గొంతు. చెక్కపెట్టెలా ఉండేది.

ఒకసారి బోర్డు ఆరబెడుతూ అడిగాను. "ఆ గొంతుతో ఇంట్లోనైనా మాట్లాడుకుంటావా?"

"ప్రయత్నించాను మేస్త్రీ" అంది. "అమ్మ పటం ముందు కూర్చుని అన్నాను. నాకే భయమేసింది."

అప్పుడు నేను తమ్రోంగ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఊరుకోమంది. "ఆయన తీసుకోలేదు. నేనిచ్చాను" అంది.

ఏళ్ళు గడిచాయి. సినిమాకు నోరొచ్చింది. మాటలు రీల్లోనే అచ్చయి వచ్చేవి. ఇరుకు గదికి తాళం పడింది. ఛలోంగ్ గుళ్ళో ఉత్సవాలకు మైకులు అద్దెకిచ్చుకునేవాడు. సంగ్వాన్ స్టేషను పక్కన అన్నం కూరల కొట్టు పెట్టింది. కూర బాగుండేది, జనం వచ్చేవాళ్ళు. అయినా ప్రతి కొత్తవాడూ మొదటి ముద్ద ముందు ఓ వేళాకోళం ఆడకుండా ఉండేవాడు కాదు. ఆమె వడ్డించేది, ఏమీ అడిగేది కాదు.

తమ్రోంగ్ గారు పెద్దవాడైపోయాడు. కడుపు పుండు ముదిరింది, ఇదే ఆఖరి సినిమా అని పత్రికల్లో వచ్చింది. ఒక రోజు బ్యాంకాక్ నుంచి ఆయన మనిషి వచ్చి సంగ్వాన్‌ని తీసుకెళ్ళాడు. ఆమె తిరిగొచ్చాక ఏం జరిగిందో నాతో చెప్పింది.

ఆయన పడక కుర్చీలో ఉన్నాడట. కథలో ఒక తల్లి ఉంది, నది అవతల ఉంటుంది, చివరిదాకా మనిషి కనపడదు, పిలుపు మాత్రమే వినపడుతుంది, ఆ గొంతు నీదే కావాలన్నాడట. ఈమె వద్దంది. ఆ గొంతు చెడిపోయిందని చెప్పింది.

"ఆవిడ మంచి తల్లేనా?" అని కూడా అడిగిందట.

"మంచిదే. మిగతా ఊళ్ళన్నిటికీ మొదటినుంచీ మంచిదే. మీ ఊళ్ళో మాత్రం ఎవరూ నమ్మరు. ఆ రోజు మీ దగ్గర తీసుకున్నది తిరిగి ఇవ్వడానికి పిలిచాను సంగ్వాన్ గారూ. ఇవ్వగలనో లేదో మీ ఊరివాళ్ళే చెప్పాలి."

ఆమె మైకు ముందు నిలబడింది. మొదట గొంతు రాలేదట. నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, పడవనీ తెడ్డునీ తలుచుకుని అందట.

'గట్టు అవతలి పిలుపు' మా హాలుకు వచ్చినప్పుడు ఊరు ఊరంతా వచ్చింది. నేను బోర్డుమీద తల్లి బొమ్మ వెయ్యలేదు, ఉత్త నది వేశాను. సంగ్వాన్ నా పక్కనే, వెనక వరసలో కూర్చుంది. చేతిలో రుమాలు నలిపేస్తోంది. యిమ్ అత్త ముసలిదైపోయి, చేపల బండి కోడలికిచ్చి, మా ముందు వరసలో కూర్చుంది.

కథ చిన్నది. ఒక కొడుకు, వాడితో పాటు పడవలో స్నేహితుడు. కొడుకు దగ్గర ఏదో ఉంది, దానికోసం ఎవరో వెంటాడుతున్నారు. సాయంత్రమవుతుంది. అవతలి గట్టునుంచి పిలుపు వినపడింది.

"తిన్నావా నాన్నా?"

హాలు బిగుసుకుపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు, కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమనడం. కొడుకు తెడ్డు అటువైపు తిప్పాడు. "వెళ్ళకురా" అన్నారెవరో. ఈసారి నవ్వు లేదు. పడవ కదిలినకొద్దీ "వెళ్ళకు, వెళ్ళకు" అని అన్ని మూలలనుంచీ. మళ్ళీ పిలుపు, ఇంకొంచెం దగ్గరగా, ఇంకొంచెం ప్రేమగా. యిమ్ అత్త ముందు కుర్చీ అంచు పట్టుకుని లేచి నిలబడింది. "ఒరే వెర్రివెధవా, ఆ ముండ సంగతి నీకు తెలీదురా" అంది తెరవైపు చూసి. నా పక్కన సంగ్వాన్ తల దించుకుంది. నేనైతే ఇక లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

కొడుకు రేవులో దిగాడు. స్నేహితుడు పడవలోనే ఉండిపోయాడు. గుడిసెలో దీపం. తల్లి మొదటిసారి కనిపించింది, మామూలు ముసలావిడ. పళ్ళెం పెట్టింది. అన్నం, వేయించిన చేప, పులుసు. వాడు తినడం మొదలుపెట్టాడు. తమ్రోంగ్ గారు కెమెరా కదపలేదు. సంగీతం లేదు. వాడు తింటూనే ఉన్నాడు. బ్యాంకాక్‌లో ఈ చోట జనం బయటికెళ్ళి సిగరెట్టు కాల్చుకున్నారని తర్వాత విన్నాను. మా హాల్లో ఊపిరి తీసినవాడు లేడు. వాడు పులుసు జుర్రినప్పుడు ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ముద్ద ముద్దకీ వాడు పడిపోతాడనుకున్నాం. వాడు పళ్ళెం ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. తల్లి చెంబు పట్టుకుని నీళ్ళు పోసింది.

అప్పుడు కెమెరా మెల్లగా రేవువైపు తిరిగింది. పడవలో కూర్చున్న స్నేహితుడు చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"అయ్యో, వాడా" అంది యిమ్ అత్త, పిల్లి పిల్లంత గొంతుతో. తెరమీద తల్లి కూడా అది చూసింది. ఆఖరికి కొడుకుని కాపాడింది ఆవిడే. ఎలాగో చెప్పను, ఇప్పటికీ ఎక్కడైనా వేస్తే చూడండి.

దీపాలు వెలిగాయి. జనం లేవలేదు. ఒకళ్ళిద్దరు వెనక్కి తిరిగి సంగ్వాన్‌ని చూశారు, తర్వాత ఇంకొందరు. మావాళ్ళకి క్షమించమని అడగడం చేతకాదు. సంగ్వాన్ కళ్ళు తుడుచుకుని లేచింది. నడవలో యిమ్ అత్త అడ్డంగా నిలబడి ఉంది. సంగ్వాన్ ఎండ గురించి ఏదో అనబోయి ఆగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆ గొంతుతో, చాలా మెల్లగా అడిగింది.

"తిన్నావా యిమ్?"

యిమ్ అత్త చేతులు జోడించలేదు.

"ఎక్కడా, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు" అంది. "పద, వచ్చి పెట్టు."